శరత్కాలం ఇంట్లో: సీతాఫలం, పచ్చి పల్లికాయలు, వెన్నెల భోజనం

వానలు వెనకబడి ఆకాశం తేటపడ్డాక, చలి దుప్పట్లు దించకముందు, మనకు దొరికేది రెండు నెలలు: ఆశ్వయుజం, కార్తీకం. ఇంగ్లిష్ క్యాలెండర్ లెక్కన సుమారుగా సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ చివరి వరకు. ఈ కాలపు సుఖాలకు పెద్దగా డబ్బు అక్కర్లేదు, అదును తెలిస్తే చాలు. సీతాఫలం ఒక్క రోజు ఆలస్యమైతే పులుస్తుంది. పచ్చి పల్లికాయలు వారం దాటితే ఎండుతాయి. వెన్నెల భోజనానికి నెలలో కుదిరేవి నాలుగైదు రాత్రులే. అందుకే ఏది ఎప్పుడు, ఎంత, ఎలా అన్నది చెప్పుకుందాం.

సీతాఫలం: ఎంపికలోనే సగం పని

మార్కెట్లో కాయ పరిమాణం చూసి కొనేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది కళ్ల మధ్య గీతలను. కాయ పక్వానికొస్తే కళ్లు ఉబ్బి ఒకదానికొకటి దూరం జరుగుతాయి. వాటి మధ్య గీత వెడల్పై, ఆకుపచ్చ పోయి, పసుపు కలిసిన తెలుపుకు తిరుగుతుంది. కళ్లు దగ్గర దగ్గరగా, గీతలు సన్నగా ఆకుపచ్చగా ఉంటే అది లేత కాయ. దాన్ని గడ్డిలో పెట్టినా, బియ్యంలో పెట్టినా పండదు. నల్లబడి రాయిలా గట్టిపడుతుంది. మగ్గబెట్టడం చేతకాలేదని బాధపడేవాళ్లలో చాలామంది కొన్నది లేత కాయే.

గీతల్లో తెల్లని బూజులాంటిది కనిపిస్తే అది చాలాసార్లు పిండినల్లి. నీళ్ల కింద మెత్తని బ్రష్‌తో తోమితే పోతుంది, లోపల గుజ్జుకు ఏమీ కాదు. చిన్న రంధ్రం, దాని చుట్టూ నల్లటి మెత్తని మచ్చ ఉంటే మాత్రం పురుగు లోపలికి వెళ్లిందని అర్థం. అలాంటిది తీసుకోకండి. పాలమూరు వైపు నుంచి వచ్చే బాలానగర్ రకం దొరికితే వదలొద్దు. కళ్లు పెద్దవి, గుజ్జు ఎక్కువ.

ఇంటికి తెచ్చాక కాయల్ని పాత పేపర్లో ఒక్కొక్కటి విడిగా చుట్టి, గోనెసంచి పరిచిన బుట్టలో ఒకే వరుసగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది కాయ నలుగుతుంది, నలిగిన చోటు పండకుండానే కుళ్లుతుంది. బియ్యం డబ్బాలో దాచే అలవాటు మంచిదే కానీ, పేపర్ చుట్టకుండా పెడితే పండిన కాయ పగిలి బియ్యానికి చెమ్మ తగులుతుంది. పక్వమైన కాయ 2 నుంచి 4 రోజుల్లో మగ్గుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అరచేతిలోకి తీసుకుని చూడండి. బొటనవేలితో నొక్కకూడదు. అరచేతికి మెత్తగా తగిలి, తొడిమ దగ్గర కాస్త కదిలితే ఆ పూటే తినాలి.

పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెట్టడం పెద్ద పొరపాటు. ఆ చల్లదనానికి పండే గుణం దెబ్బతిని తొక్క నల్లబడుతుంది, బయటికి తీశాక కూడా సరిగా మగ్గదు. పండిన కాయను ఒకటి రెండు రోజులు పెట్టొచ్చు. తొక్క నల్లబడినా లోపల తెల్లగానే ఉంటుంది.

గుజ్జు తీయడానికి మిక్సీ బ్లేడు వాడకండి. గింజ పగిలితే చేదు దిగుతుంది, పైగా సీతాఫలం గింజలు విషపూరితం. పేలకు మందని గింజల పొడి తలకు రాస్తుంటారు. అది కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది, ఆ జోలికి పోవద్దు. గుజ్జును జల్లెడలో వేసి గుండ్రటి గరిటె వెనకభాగంతో మెల్లగా తిప్పితే గింజలు పైన మిగిలిపోతాయి. తొక్కకు అంటుకున్నది గట్టిగా గీకకండి, అక్కడ ఇసుకలా పంటికి తగులుతుంది. మధ్యస్థంగా ఉండే 4 కాయలకు దాదాపు ఒక కప్పు గుజ్జు వస్తుంది.

బాసుంది చేసేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఈ గుజ్జుకు వేడి పడదు. మరిగే పాలలో వేస్తే చేదెక్కుతుంది. లీటరు చిక్కటి పాలను అడుగు మందం గిన్నెలో, మీగడను పక్కలకు నెడుతూ సగానికి మరిగించండి. సన్నని సెగ మీద 40 నుంచి 50 నిమిషాలు పడుతుంది. 3 పెద్ద చెంచాల పంచదార వేసి దించి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో 2 గంటలు పెట్టండి. వడ్డించే ముందు కప్పు గుజ్జు కలపండి. యాలకుల పొడి వేయకపోతేనే బాగుంటుంది. సీతాఫలానికి ఉన్న సువాసనను అది మింగేస్తుంది.

పచ్చి పల్లికాయలు

ఖరీఫ్‌లో వేసిన వేరుశనగ పీకేది ఈ రోజుల్లోనే. అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు నుంచి మట్టితోనే బండ్ల మీదికొస్తుంది. రాయలసీమలో చెనిక్కాయలు, తెలంగాణలో పల్లికాయలు, కోస్తాలో వేరుశనగ కాయలు. పేరేదైనా ఉడికించే తీరు ఒక్కటే.

కొనేముందు రెండు మూడు కాయలు ఒలిచి తొక్క లోపలి వైపు చూడండి. తెల్లగా, దూదిలా ఉంటే ఇంకా పాలగింజ. ఉడికితే నీరుకారి చప్పగా ఉంటుంది. లోపల గోధుమరంగు చారలు పడి ఉంటే గింజ నిండింది. ఊపితే చప్పుడొస్తే ఎండడం మొదలైందని గుర్తు. అలాంటి వాటిని రాత్రంతా నీళ్లలో నానబెట్టాకే ఉడికించాలి. బూజు పట్టినవి, గింజ నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయండి. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉడకబెట్టినంత మాత్రాన పోదు.

కిలో కాయలను బకెట్ నీళ్లలో వేసి చేత్తో రుద్ది కడగండి. నీళ్లు తేరేదాకా, అంటే నాలుగైదు సార్లు. బద్ధకిస్తే తినేటప్పుడు పళ్ల కింద ఇసుక పలుకుతుంది. పెద్ద గిన్నెలో 2 లీటర్ల నీళ్లు, 60 గ్రాముల రాళ్ల ఉప్పు వేసి కాయలు పోయండి. ఉప్పు మొదట్లోనే పడాలి. కాయలు పైకి తేలుతాయి కాబట్టి, పైన ఒక పళ్లెం బోర్లించి అదిమిపెట్టండి. మామూలు గిన్నెలో 45 నిమిషాల నుంచి గంట, కుక్కర్లో అయితే 4 విజిల్స్ తర్వాత సన్న సెగ మీద మరో 10 నిమిషాలు. ఒక గింజ కొరికితే బీన్స్ గింజలా మెత్తగా, పచ్చివాసన లేకుండా ఉండాలి.

దించగానే వార్చేయడమే అందరూ చేసే తప్పు. ఆ ఉప్పునీళ్లలోనే ఇంకో గంట వదిలేయండి. చల్లారేటప్పుడే తొక్కలోకి ఉప్పునీరు దిగుతుంది. వేడివేడిగా వార్చిన కాయలు తొక్క ఉప్పగా, గింజ చప్పగా ఉంటాయి. తినేటప్పుడు పక్కన చిన్న బెల్లం ముక్క ఉంటే ఇంకేమీ వద్దు.

మిగిలినవి వార్చి ఫ్రిజ్‌లో పెడితే 3 రోజులు ఉంటాయి. బయట రాత్రంతా ఉంచితే పొద్దునకు జిగురు పడతాయి. జిగురు కనిపించిందంటే కడిగి తినే ఆలోచన వద్దు, పారేయండి. అమెరికాలో జార్జియా, కరొలినాల వైపు ఉండేవాళ్లకు ఈ సుఖం అక్కడా ఉంది. అక్కడి జనానికీ ఉడకబెట్టిన పల్లికాయలు ఇష్టం, సీజన్లో 'గ్రీన్ పీనట్స్' పేరుతో పచ్చివి అమ్ముతారు.

వెన్నెల భోజనం

వానలకు గాలిలో దుమ్ము అణిగి ఉంటుంది కనుక, ఈ కాలపు వెన్నెల వేసవి వెన్నెల కంటే తెల్లగా కనిపిస్తుంది. డాబా ఉంటే చాలు. శుద్ధ త్రయోదశి నుంచి బహుళ విదియ వరకు ఏ రాత్రయినా పనికొస్తుంది. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యాస్తమయం వేళకే ఉదయిస్తాడు. ఆ తర్వాత రోజుకు సుమారు ముప్పావు గంట చొప్పున ఆలస్యమవుతాడు. అట్లతద్దె నోము పట్టినవాళ్లు చంద్రదర్శనం కోసం రాత్రి 8 దాకా కనిపెట్టుకుని ఉండేది అందుకే, అది పౌర్ణమి తర్వాత మూడో రాత్రి.

నెల్లూరు, తిరుపతి, ప్రకాశం వైపు ఉన్నవాళ్లు ఆశ్వయుజ పౌర్ణమిని వదులుకోకండి. ఈశాన్య రుతుపవనాలు ఊపందుకున్నాక కార్తీక పౌర్ణమికి మబ్బు పట్టే అవకాశమే ఎక్కువ. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో తుఫాను లేకపోతే రెండూ బాగుంటాయి.

పౌర్ణమినాడు రాత్రి 8 గంటలకు కూర్చోవాలనుకుంటే చాప ఎక్కడ పరుస్తారో ముందే చూసుకోండి. అప్పటికి చంద్రుడు తూర్పున ఆకాశంలో మూడోవంతు ఎత్తుకు వస్తాడు. 3 అడుగుల పిట్టగోడ నీడ ఐదారు అడుగుల దాకా పడుతుంది. తూర్పు గోడకు ఆనుకుని కూర్చుంటే చీకట్లో తిన్నట్టే. డాబా లైటు, మెట్ల లైటు, ఫోన్లు అన్నీ ఆపేయండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒకరు ఫోన్ వెలిగిస్తే అందరికీ మళ్లీ మొదటికొస్తుంది.

దోమలకు స్టాండు ఫ్యాన్‌ను మించిన మందు లేదు. దోమ గాలికి ఎదురు ఎగరలేదు. ఫ్యాన్‌ను కాళ్ల ఎత్తున పెట్టండి, ఎక్కువ కుట్టేది అక్కడే.

వెన్నెల్లో చేపముళ్లు కనిపించవు కాబట్టి చేపల కూర, ఎముకల కూర వద్దు. దద్దోజనం, పులిహోర, ఏదైనా వేపుడు సరిపోతాయి. దద్దోజనం నలుగురికి చెప్తాను: గ్లాసున్నర బియ్యాన్ని కాస్త మెత్తగా వండి, వేడిగా ఉండగానే అరలీటరు కాచిన పాలు పోసి గరిటెతో మెదపండి. గోరువెచ్చగా అయ్యాకే కప్పు తియ్యటి పెరుగు, చెంచాన్నర ఉప్పు కలపండి. వేడి అన్నంలో పెరుగు వేస్తే విరిగి నీళ్లు వదులుతుంది. కలిపినప్పుడు జారుగా ఉండాలి. తినే వేళకు గట్టిపడుతుంది, మొదటే గట్టిగా కలిపితే ముద్ద గొంతు దిగదు. పోపులో ఆవాలు, మినప్పప్పు, మిరియాలు, అల్లం, కరివేపాకు.

రాత్రి తొమ్మిదిన్నర దాటితే మంచు పడటం మొదలవుతుంది, ముఖ్యంగా మబ్బులేని రాత్రుల్లో. గిన్నెలకు మూతలుండాలి. చాప కింద ఒక ప్లాస్టిక్ పట్టా వేస్తే నేల చెమ్మ ఎక్కదు. పసిపిల్లల తలకు గుడ్డ కప్పండి.

ఎండను వాడుకోవడం

అక్టోబర్ ఎండ సూదిలా గుచ్చుతుంది కానీ, నాలుగు నెలల వాన చెమ్మను విడిపించడానికి అంతకన్నా మంచిది దొరకదు. బొంతలు, రజాయిలు, దిండ్లు ఉదయం 10 నుంచి ఒక్కో వైపు 2 గంటలు ఎండనిచ్చి, 4 గంటలలోపు లోపలికి తెచ్చేయండి. సాయంత్రపు చెమ్మ మళ్లీ పీల్చుకోనివ్వకూడదు. అరగంట ఆరాకే మడతపెట్టండి. పట్టుచీరలకు నేరుగా ఎండ తగిలితే రంగు దిగుతుంది. వాటిని గాలాడే నీడలో మడత విప్పి ఆరేసి, మడత గీతలు మార్చి పెట్టాలి. అదే మడతలో ఏళ్ల తరబడి ఉంటే జరీ ఆ గీత దగ్గరే తెగుతుంది. పుస్తకాలు కూడా నీడలోనే, నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి.

కార్తీకం ముందు కొత్త ప్రమిదలు కొన్నారా? 2 గంటలు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. లేకపోతే మొదటి రోజు మట్టే నూనె అంతా తాగేస్తుంది.

కార్తీకంలో ఉసిరి, చివర్న తేగలు

నల్ల పచ్చడికి ఇదే అదును. కిలో పెద్ద ఉసిరికాయలు కడిగి, తడి లేకుండా తుడిచి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. 200 గ్రాముల రాళ్ల ఉప్పు, చిన్న చెంచా పసుపు కలిపి జాడీలో పెట్టి మూత వేయండి. మూడో రోజుకు మెత్తబడి గింజలు సులువుగా ఊడతాయి. గింజలు తీసేసి, ఊరిన రసంతోనే రుబ్బి తిరిగి జాడీకెత్తండి. నీటి చుక్క తగలకూడదు. ఇనుప గిన్నె, స్టీలు డబ్బా వద్దు, ఉసిరి పులుపు లోహాన్ని తింటుంది. ఏడాది పొడుగునా ఎప్పుడు కావాలంటే అప్పుడు గుప్పెడు తీసి, ఎండుమిర్చి, మెంతులు, ఇంగువ పోపు పెట్టుకోవడమే.

భాద్రపదంలో తాటిపండ్ల టెంకల్ని ఇసుక నేలలో పాతర వేసినవాళ్లకు రెండు నెలలకు టెంకలో తియ్యటి గుంజు తయారవుతుంది. గోదావరి వైపు దీన్ని బుర్రగుంజు అంటారు. మరో నెలకు తేగలు (తెలంగాణలో గేగులు) ఊరుతాయి. ఆకు పైకి రాకముందే తవ్వాలి, వచ్చాక తేగ పీచు పట్టిపోతుంది. పైపొర తీయకుండా కడిగి, రెండుగా విరిచి, ఉప్పు వేసిన నీళ్లలో కుక్కర్లో 3 లేక 4 విజిల్స్ రానివ్వండి. కుంపటి ఉంటే నిప్పుల మీద తిప్పుతూ పైపొర నల్లగా మాడేదాకా కాల్చండి. లోపలిది అప్పుడే సరిగా ఉడుకుతుంది. నిలువుగా చీల్చి, మధ్యలోని ఈనెలాంటి లేత మొలకను తీసి పక్కన పెట్టి, నారను పట్టి లాగేస్తూ తినండి.