గ్యాస్ పట్టించే ముందు చూడాల్సినవి: ఉప్పుగాలి ఊళ్లలో ఏసీ తిప్పలు

రోహిణి కార్తె వచ్చిందంటే నా ఫోను ఆగదు. నెల్లూరు టౌను నుంచి, మైపాడు వైపు నుంచి, అప్పుడప్పుడు కావలి నుంచి కూడా ఒకటే మాట. "అన్నా, ఏసీ చల్లంగా రావడంలా. గ్యాస్ అయిపోయినట్టుండాది, సిలిండర్ తీసుకొని రా." తీరా వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో గ్యాస్ నిండుగానే ఉంటుంది. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాంటిది కాదు, వాడేకొద్దీ తరగదు. మూసిన పైపుల్లో ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిపోతోందనే అర్థం. ఈ ఒక్క సంగతి తెలిస్తే వేల రూపాయలు మిగులుతాయి. అందుకే మీరే ఇంట్లో చూసుకోగలిగినవి ముందు చెబుతాను, మెకానిక్ చెయ్యాల్సినవి ఆ తర్వాత.

ఆన్‌లోనే ఉంది, గది చల్లబడదు

ముందు ఫిల్టర్లు తీసి వెలుగుకు అడ్డం పెట్టి చూడండి. అవతలి వెలుతురు కనపడకపోతే సగం జవాబు దొరికినట్టే. కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఎండాకాలంలో 15 రోజులకొకసారి ఈ పని తప్పదు. చీమకుర్తి పరిసరాల్లో ఉండేవాళ్లయితే వారానికొకసారి చూసుకోవాలి. అక్కడి గ్రానైట్ దుమ్ము పిండిలాగా సన్నం, ఫిల్టర్ దాటి లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద కూర్చుంటుంది. దానికి తడి తగిలితే పూతలా పట్టేస్తుంది. అప్పుడు ఫిల్టర్ కడిగితే చాలదు, సర్వీసు చేయించాల్సిందే.

తర్వాత ఏసీని 18లో పెట్టి, తలుపులేసి, పావుగంట నడవనివ్వండి. మామూలు గోడ థర్మామీటర్‌ను ఇండోర్ (గదిలోని యూనిట్) పైభాగాన గాలి లోపలికి పోయేచోట కాసేపు, కింద చల్లగాలి వచ్చేచోట కాసేపు పెట్టి చూడండి. రెండింటికీ సుమారు 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మిషను తన పని తాను చేస్తున్నట్టే. ఇక చూడాల్సింది గదిని. పైన డాబా కాలుతోందా, పడమటి కిటికీకి పరదా ఉందా, 1 టన్ను ఏసీతో హాలంతా చల్లబరచాలని చూస్తున్నారా?

తేడా బాగా తక్కువుంటే ఔట్‌డోర్ (బయటి యూనిట్) దగ్గరికి వెళ్లండి. మన ప్రాంతంలో అసలు కథంతా అక్కడే.

మైపాడు దగ్గర ఒక పెద్దమ్మ ఇల్లు. ఏసీ కొని మూడేళ్లు. మేడ మీద ఔట్‌డోర్ వెనక్కి వెళ్లి చూస్తే వేడిని బయటికి వదిలే సన్నటి అల్యూమినియం రేకుల మీద, మేం రెక్కలంటాం, తెల్లగా పొరకట్టి ఉంది. వేలితో తాకాను. రెక్కలు సున్నం పెచ్చుల్లా రాలి చేతిలో పడ్డాయి, లోపలి రాగి గొట్టం పచ్చగా బయటపడింది. పెద్దమ్మ నా వెనకే నిలబడి ఉంది. "వారం వారం కడగతానే ఉండా గదా నాయనా, ఇట్టా ఎందుకైంది?" అనింది. కడిగేది దేంతో అని అడిగాను. బోరునీళ్లట. నాలిక మీద ఒక చుక్క వేసుకుంటే ఉప్పు కషాయం. ఆమె శ్రద్ధలో లోపమేమీ లేదు. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు చాలదన్నట్టు, ప్రతివారం ఇంకాస్త ఉప్పునీళ్లు పడ్డాయి. వేడిగాలికి నీళ్లు ఆరిపోయి ఉప్పు మాత్రం మిగిలింది. రాగి, అల్యూమినియం కలిసినచోట ఉప్పు తడి తగిలితే ముందు తినేసేది అల్యూమినియాన్నే. రెక్కలు పోతే వేడి బయటికి పోదు, వేడి పోకపోతే గది చల్లబడదు.

కాబట్టి ఔట్‌డోర్‌ను మంచినీళ్లతోనే కడగండి. మంచినీళ్లు కొనుక్కునే ఊళ్లలో అదెలా కుదురుతుందంటారా? ఏసీ డ్రైన్ పైపు కింద బకెట్ పెట్టండి. గాల్లో తేమ చల్లబడి కారిన నీళ్లవి, వాటిలో ఉప్పుండదు. మన తీరంలో ఉక్కపోత రాత్రి ఒక్క ఏసీకే బకెట్ నిండుతుంది. పొద్దున్నే ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్చి) దించేసి, ఆ నీళ్లను మగ్గుతో మెల్లగా రెక్కల మీద పొయ్యండి, వైర్లు, బోర్డు ఉన్న పక్కకు పోకుండా చూసుకోండి. కార్లు కడిగే జెట్‌ను దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి, ఆ పని వద్దు. కొత్త ఏసీ కొనేవాళ్లు రెక్కలకు నీలిరంగు పూత ఉందో లేదో అడగండి, ఔట్‌డోర్‌ను సముద్రం వైపు గోడకు బిగించనివ్వకండి.

ఈసారి గ్యాస్ నిజంగానే తగ్గింది

లోపలి కాయిల్ మీద మంచు కడుతోంది, ఫిల్టర్లేమో శుభ్రంగా ఉన్నాయి, ఇండోర్ ఫ్యాను బాగానే తిరుగుతోంది, అయినా గాలిలో చలువ లేదు. ఇలా ఉంటే గ్యాస్ మీద అనుమానపడొచ్చు. ఫ్లేర్ నట్ల (పైపులను కలిపే ఇత్తడి నట్ల) దగ్గర జిడ్డుగా నూనె మరక కనపడితే అనుమానం ఇంకా బలపడుతుంది. మంచును కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకొద్దు. కూలింగ్ ఆపి, ఫ్యాను మోడ్‌లో పెడితే అదే కరుగుతుంది.

పని నేర్చుకున్న కొత్తలో నేనూ లీకు చూడకుండా గ్యాస్ కొట్టి వచ్చేవాణ్ణి. వేదాయపాళెంలో ఒకాయన నలభై రోజుల్లోనే మళ్లీ ఫోను చేశారు. ఆయన డబ్బులు, నేను కొట్టిన గ్యాస్, రెండూ గాల్లో కలిశాయి. అప్పటినుంచి ఒకటే పద్ధతి. ముందు నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బునురగ రాసి, బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తాను. లీకు మూశాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేస్తాను. ఆ తర్వాతే, ఔట్‌డోర్ మీది స్టిక్కర్‌లో రాసినన్ని గ్రాములు తూకం వేసి గ్యాస్ ఎక్కిస్తాను. మీ ఇంటికొచ్చినవాళ్లు ఈ మూడింటిలో ఏది వదిలేస్తున్నా "అబ్బాయ్, అదెందుకు చెయ్యలా?" అని అడగండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే.

ఇంకో ముఖ్యమైన మాట. ఇప్పుడొచ్చే చాలా ఏసీల్లో ఉండేది ఆర్-32. అది అంటుకునే గుణమున్న గ్యాస్. పైపులో గ్యాస్ ఉండగా వెల్డింగ్ మంట పెట్టకూడదు. పాత ఆర్-22ను కొత్త మిషన్‌లో పోసే పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు.

లోపలి యూనిట్ నుంచి గోడమీద నీళ్లు

దీనికి మెకానిక్‌తో పని తక్కువే. డ్రైన్ పైపులో పాచి జెల్లీలా కట్టుకుని ఉంటుంది. బయటికొచ్చిన చివర నుంచి, నీళ్లు లాగగలిగే రకం వాక్యూమ్ క్లీనర్‌తో లాగితే ముద్దగా వచ్చేస్తుంది. పైపు దారిలో ఎక్కడా పైకి లేవకుండా వాలుగా ఉండాలి. నేను పైన బకెట్ పెట్టమన్నాను కదా, పైపు చివర ఆ నీళ్లలో మునగకూడదు. మునిగితే గాలి పట్టేసి నీళ్లు వెనక్కి తన్ని మంచం మీద పడతాయి.

ఔట్‌డోర్ గుయ్యిమంటుంది, కాసేపటికి ఆగిపోతుంది

ఇన్వర్టర్ రకం కాని పాత ఏసీల్లో ఇది ఎక్కువ. కంప్రెసర్‌ను లేపే కెపాసిటర్ నీరసపడితే ఇలా మూలుగుతుంది. పైమూత ఉబ్బి ఉంటే అదే దోషి. ఖర్చు చిన్నదే, కానీ మీరు చెయ్యి పెట్టొద్దు. కరెంటు తీసేశాక కూడా దాంట్లో ఛార్జీ నిలిచి ఉంటుంది, గట్టిగా కొడుతుంది.

రాత్రి ఏడు, పది మధ్యనే ఇలా అవుతుంటే ముందు వోల్టేజీ చూడండి. వీధిలో ఏసీలన్నీ ఒకేసారి లేచే వేళ అది. స్టెబిలైజర్ అంకె 230 దగ్గరుండాల్సింది 180కి, ఇంకా కిందికి పడుతుంటే తప్పు మిషన్‌ది కాదు. 1.5 టన్నుల ఏసీకి 4 కేవీఏ స్టెబిలైజర్ పెట్టించుకోండి, కరెంటాఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆపిన వెంటనే మళ్లీ ఆన్ చెయ్యొద్దు, మూడు నిమిషాలు ఆగండి.

ఏమాత్రం శబ్దం లేకుండా ఔట్‌డోర్ చచ్చిపడి ఉంటే, బోర్డులో బల్లి కాలిపోయి ఉండటం నేను చాలాసార్లు చూశాను. పైపులు గోడలోకి దూరే కంత చుట్టూ పుట్టీ పెట్టిస్తే బల్లులకూ ఎలుకలకూ దారి మూసుకుంటుంది.

వాసన, రిమోట్

తడి గుడ్డ వాసన వస్తుంటే, ఆపబోయే ముందు రోజూ 20 నిమిషాలు ఫ్యాను మోడ్‌లో నడపండి, లోపలి తడి ఆరుతుంది. రిమోట్ పనిచెయ్యకపోతే దాని ముందరి బల్బును ఫోను కెమెరాలో చూస్తూ బటన్ నొక్కండి. వెలుగు మెరిస్తే రిమోట్ బాగానే ఉంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు కనపడదు, ముందు కెమెరాతో చూడండి.

ఔట్‌డోర్ వాననీళ్లలో మునిగింది

మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కింది అంతస్తుల ఔట్‌డోర్లు బురదలో మునిగాయి. తుఫాను హెచ్చరిక రాగానే ఎంసీబీ దించేయండి, స్టాండు బోల్టులు తుప్పుపట్టాయేమో చూసుకోండి. మునిగిన యూనిట్ పైకి ఆరినట్టు కనపడినా, బోర్డు విప్పి, బురద కడిగి, కంప్రెసర్ వైండింగ్‌నూ ఎర్త్‌నూ మీటర్‌తో పరీక్షించేదాకా ఆ ఎంసీబీ ఎత్తొద్దు. "ఒకసారి వేసి చూద్దాంలే" అని పిల్లలు స్విచ్చి దగ్గరికి పోతారు. స్విచ్చి మీద టేపు అంటించి పెట్టండి.