బిడ్డను హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లే ముందు జాగ్రత్తలు

ఫిట్స్, గుండె జబ్బు లాంటివి ఉన్న బిడ్డతో వరంగల్ నుంచి నిలోఫర్‌కో నిమ్స్‌కో బయల్దేరుతున్నారా? ముందు రోజు రాత్రే ఇవి చూసుకోండి.

• మందులు: అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పేర్లు రాసుకుంటే చాలదు, సీసాలే సంచిలో పెట్టుకోండి. ఒకే మందు సిరప్‌లో 5 ఎంఎల్‌కు ఎన్ని మిల్లీగ్రాములన్నది కంపెనీని బట్టి మారొచ్చు. "పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా" అంటే డాక్టరుకు డోసు తెలియదు. సిరంజితో కొలిచి ఎన్ని ఎంఎల్ పోస్తున్నారో చెప్పండి. పిల్లలకు చాలా మందులు బరువును బట్టే రాస్తారు, అందుకే తాజా బరువు కూడా చూసి పెట్టుకోండి. ప్రయాణం హడావిడిలో ఫిట్స్ మందు ఒక్క పూట కూడా తప్పొద్దు.

• డిశ్చార్జి కాగితాలు, ఎకో (గుండె స్కాన్), ఎంఆర్‌ఐ రిపోర్టులు తేదీల వరుసలో. ఫోన్‌లో ఫొటోలు కూడా.

• ఆధార్, రేషన్ కార్డు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది గానీ, మీ బిడ్డ చికిత్స అందులో ఉందో లేదో ముందే ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగిని) అడగండి.

• డాక్టరు ఆపరేషన్ చేయాలంటే ఇవి అడగండి: చేయిస్తే ఏమిటి, ఆగితే ఏమిటి, ఎన్నాళ్లు ఆగొచ్చు? సార్‌కు కోపమొస్తుందేమోనని ఊరుకోకండి. బిడ్డను రాత్రీపగలూ చూసేది మీరు. అర్థమయ్యాకే సంతకం.

• దారిలో పెదాలు నీలంగా మారినా, ఊపిరి అందకపోయినా, ఫిట్స్ 5 నిమిషాలు దాటినా హైదరాబాద్ దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, జనగామ దగ్గరుంటే జనగామలోనే చూపించండి.