ది సోషల్ డైలమా: ఇంట్లో అందరూ కలిసి ఎలా చూడాలి, చూసిన రాత్రే ఫోన్లలో ఏం మార్చాలి

సోషల్ మీడియా యాప్‌లు మనల్ని ఫోన్‌కి ఎలా అతుక్కుపోయేలా చేస్తాయో చెప్పే డాక్యుమెంటరీ ది సోషల్ డైలమా, 2020 సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, కరోనా టైమ్ కదా, చాలామంది అప్పుడే చూసేశారు, అమ్మో ఫోన్ వెనక ఇంత కథ ఉందా అనుకున్నారు, అక్కడితో వదిలేశారు. ఇది ఒక్కళ్ళే చూసి భయపడే డాక్యుమెంటరీ కాదండి. ఇంటిల్లిపాదీ కలిసి చూసి, అయిపోగానే ఎవరి ఫోన్ వాళ్ళు తీసి సెట్టింగ్స్ మార్చుకుంటేనే దాంతో ఉపయోగం. అది ఎలాగో చెప్తాను.

శనివారం రాత్రి భోజనాలయ్యాక పెట్టండి, గంటన్నర ఉంటుంది, మధ్యలో ఆపి మాట్లాడుకుంటే రెండున్నర గంటలు పట్టొచ్చు. పదమూడేళ్ళు దాటిన పిల్లలైతే పర్లేదు. "చూడు నీ గురించే తీశారు" అని మాత్రం పిల్లలతో అనొద్దు ప్లీజ్, ఆ ఒక్క మాటతో వాళ్ళు మనసు మూసేసుకుంటారు, అసలు యూట్యూబ్‌లో గంటలు గంటలు గడిపేది తాతయ్యలూ నాన్నలూ కూడా కదా. ఇంగ్లీషు కొంచెం స్పీడ్‌గా ఉంటుంది, సబ్‌టైటిల్స్ పెట్టి, పెద్దవాళ్ళకి పిల్లల చేతే తెలుగులో చెప్పించండి, వివరించేవాడికి ఎక్కువ ఎక్కుతుంది.

మొదట్లో మాట్లాడే మనుషులెవరో తెలిస్తేనే దీని బరువు తెలుస్తుంది. ట్రిస్టన్ హారిస్ గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చాడు, జస్టిన్ రోజెన్‌స్టీన్ ఫేస్‌బుక్ లైక్ బటన్ తయారు చేసినవాళ్ళలో ఒకడు, ఏజా రాస్కిన్ ఎంత కిందికి లాగినా అయిపోని స్క్రోల్‌ని కనిపెట్టాడు, టిమ్ కెండాల్ ఫేస్‌బుక్‌కి డబ్బు ఎలా రావాలో చూసుకున్నాడు. అంటే ఇవన్నీ తయారు చేసినవాళ్ళే వచ్చి తప్పు జరిగిందంటున్నారు. ఇక్కడ ఒకసారి ఆపి "రీల్స్ ఎక్కడ అయిపోతాయిరా?" అని అడగండి. అయిపోవు. ఒకప్పుడు పేజీ చివర నెక్స్ట్ అని ఉండేది, అది నొక్కేలోపు ఇక చాలు అనుకునే టైమ్ దొరికేది, ఇప్పుడు ఆ క్షణాన్నే తీసేశారు.

తర్వాత బెన్ అనే కుర్రాడి కథ వస్తుంది, ఇది నటులతో తీసిన కల్పిత కథ, అతని ఫోన్ వెనక ముగ్గురు కూర్చుని ఆడిస్తున్నట్టు చూపిస్తారు, ముగ్గురూ ఒకే నటుడు, విన్సెంట్ కార్తైసర్. నాకైతే ఈ భాగం కాస్త అతిగా అనిపించింది, పిల్లలు నిజంగానే ఎవరో కూర్చుని చూస్తున్నారు అనుకునే ప్రమాదం ఉంది. అక్కడ మనిషి ఉండడు, కంప్యూటర్ వేసే లెక్కలుంటాయి, నువ్వు దేని దగ్గర ఆగావు, దేన్ని దాటేశావు అన్నది చూసి తర్వాత ఏది పెడితే ఇంకాసేపు ఉంటావో అంచనా వేస్తుంది, నువ్వు ఉన్నంతసేపూ యాడ్స్ అమ్ముడవుతాయి, అంతే అని చెప్పండి. ఈ సినిమా విషయాన్ని సంచలనం చేసిందని ఫేస్‌బుక్ అదే ఏడాది అక్టోబర్‌లో జవాబు ఇచ్చింది, అదీ చెప్పండి, రెండువైపులా విన్న పిల్లలే నమ్ముతారు.

బెన్ చెల్లెలు తన చెవుల మీద వచ్చిన ఒక్క కామెంట్‌కి నలిగిపోయే సీన్ దగ్గర లెక్చర్ ఇవ్వకండి. మీ క్లాసులో ఎవరికైనా ఇలా జరిగిందా అని అడిగి ఊరుకోండి, వాళ్ళే చెప్తారు.

అబద్ధపు వార్తల భాగంలో మయన్మార్‌లో ఫేస్‌బుక్ ద్వారా ద్వేషం ఎలా పాకిందో చూపిస్తారు, కానీ మన ఇళ్ళల్లో చెప్పాల్సింది 2018 మే నెల సంగతి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్‌లు నమ్మి తెలుగు రాష్ట్రాల్లో ముక్కూమొహం తెలియని వాళ్ళని కొట్టారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, పాటలతో డప్పులతో జనానికి అర్థమయ్యేలా చెప్పించారు. ఆ జులైలోనే వాట్సాప్ ఇండియాలో ఫార్వర్డ్‌ని 5 చాట్‌లకే పరిమితం చేసింది. రెండు బాణం గుర్తులతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని వచ్చే మెసేజ్‌ని మన దగ్గరే ఆపేయాలి అని అమ్మమ్మకి చెప్పడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

చివర్లో పేర్లు పడేటప్పుడు టీవీ కట్టేయకండి, పనికొచ్చే సలహాలన్నీ అక్కడే ఉన్నాయి. జోనథన్ హైట్ అనే ప్రొఫెసర్ పదహారేళ్ళ దాకా సోషల్ మీడియా వద్దంటాడు, రాత్రి బెడ్‌రూమ్‌లోకి ఫోన్ రాకూడదంటాడు.

ఇక ఫోన్లు తీయండి. ముందు యూట్యూబ్, ఎందుకంటే మన ఇళ్ళల్లో అన్ని వయసులవాళ్ళూ చూసేది అదే. సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి పాతది కూడా డిలీట్ చేస్తే హోమ్ పేజీ ఖాళీ అయిపోతుంది, కావాల్సింది వెతుక్కుని చూడాలి, ఆ చిన్న మార్పుతోనే చాలా తేడా ఉంటుంది. ఆటోప్లే కూడా ఆఫ్. నోటిఫికేషన్స్‌లో కాల్స్, మనుషులు పంపే మెసేజ్‌లు, బ్యాంకువి ఉంచి మిగతావన్నీ తీసేయండి. ఇన్‌స్టాలో సజెస్టెడ్ పోస్టుల్ని 30 రోజులు ఆపే ఆప్షన్ ఉంది. పిల్లల ఇన్‌స్టాలో పుట్టిన సంవత్సరం నిజంది పెట్టారో లేదో చూడండి, 2025 ఫిబ్రవరి నుంచి ఇండియాలో టీన్ అకౌంట్స్, అంటే టీనేజ్ పిల్లలకి అదనపు రక్షణలున్న అకౌంట్లు, మొదలయ్యాయి, వయసు తప్పు పెడితే ఆ రక్షణలేవీ పనిచేయవు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, వీటిలో యాప్‌కి రోజుకింత అని టైమర్ పెట్టొచ్చు.

రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే చార్జింగ్, అమ్మానాన్నలవి కూడా, ఇది తప్పదు. అలారం కోసం కావాలి అంటారు, ఒక చిన్న అలారం గడియారం కొనేయండి. పిల్లలు అమెరికాలో ఉంటే వాళ్ళ కాల్స్ మోగేలా సౌండ్ ఉంచండి, వీడియో కాల్‌లో మనవడిని చూసుకోవడాన్ని ఎవరూ తగ్గించక్కర్లేదు.

వారం తర్వాత అందరూ స్క్రీన్ టైమ్ పక్కపక్కన పెట్టి చూడండి, తిట్టుకోకుండా. ఏ యాప్‌కైతే టైమర్ దాటి ఇంకాసేపు అంటూ పొడిగించుకుంటున్నారో దాన్ని ఫోన్లోంచి తీసేసి, కావాలంటే బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ కొట్టి చూడమనండి, అకౌంట్ ఎక్కడికీ పోదు.