గాలి పడిపోయినా ఇంటికి వెళ్లకండి: తుఫాను నెలలకు ముందు తీర పంచాయతీలకు, తీరవాసులకు జాగ్రత్తలు

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కాకినాడ జిల్లా ఉప్పాడలో ఆ తుఫాను కెరటాలు బీచ్ రోడ్డును కోశాయి, ఒడ్డున ఉన్న ఇళ్లను దెబ్బతీశాయి. ఆ వార్తలు చదివినవారిలో చాలామంది అది ఒక్క రాత్రి జరిగిన నష్టమని అనుకొని ఉంటారు. అయితే ఆ తుఫాను దాటిన వారానికే, నవంబరు 5న, కార్తిక పౌర్ణమి వచ్చింది. ఆ ఏడాది పౌర్ణములన్నిటిలోనూ చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చిన పౌర్ణమి అదే కనుక సముద్రపు పోటు మామూలు కంటె ఎక్కువ ఎత్తుకు లేచే రోజు అది. తుఫానుకు పునాది కింద ఇసుక పోగొట్టుకున్న ఇంటికి అలాంటి పోటు మరో తుఫానంత ప్రమాదకరం.

టార్చిలైటు, మందులు, అటుకులు, తాగునీరు దగ్గర పెట్టుకోవాలని ప్రతి ఏటా అందరూ చెబుతూనే ఉంటారు. తీరంలో పుట్టినవారికి వాటిని మళ్లీ చెప్పవలసిన పని లేదు. తీర మండలాల్లో పంచాయతీ కార్యదర్శిగా చాలా ఏళ్లు పనిచేసిన నేను, సముద్రం మీద పుట్టిపెరిగినవారూ, చదువుకున్నవారూ, చివరికి అధికారులూ ఒకే తీరుగా చేయగా చూసిన ఒక్క పొరపాటు గురించే ముఖ్యంగా రాస్తున్నాను. గాలి తగ్గగానే సముద్రం కూడా తగ్గిందనుకోవడమే ఆ పొరపాటు.

కొన్నేళ్ల కిందట ఒక తుఫాను రాత్రి మా పరిధిలోని ఒక పేట జనాన్నంతా పునరావాస కేంద్రంగా మార్చిన బడికి చేర్చాం. తెల్లవారుజామున గాలి పడిపోయింది, వాన సన్నగిల్లింది. ఇళ్లకు పోతామని జనం పట్టుబట్టినప్పుడు, వెళ్లవచ్చునని చెప్పినవారిలో నేనూ ఉన్నాను. ఉదయం తొమ్మిది గంటల వేళ ఒక తల్లీ కొడుకూ బియ్యం మూట, పాసుపుస్తకం తెచ్చుకోవడానికి తమ ఇంట్లోకి వెళ్లారు. బయటినుంచి చూస్తే ఆ ఇంటి గోడకు బీట కూడా లేదు. వసారా గచ్చు మీద చెమ్మ తప్ప నీళ్లు లేవు. కాని ఆ గచ్చు కింద మూరెడు లోతున ఇసుక రాత్రే కొట్టుకుపోయింది. సముద్రం వైపు గోడ కేవలం పక్కగోడల పట్టు మీద నిలబడి ఉంది. పోటు వేళ వచ్చిన ఒక మామూలు కెరటం పునాదిని తాకగానే ఆ గోడ లోపలికి కూలింది. కొడుకు బతికాడు, తల్లి బతకలేదు. ఆమె మరణాన్ని మేము తుఫాను మరణంగానే రాసుకున్నాం గాని, అప్పటికి తుఫాను తీరం దాటి ఐదు గంటలు గడిచాయి.

గాలికీ సముద్రానికీ ఉన్న తేడా

గాలి గంటల్లో తగ్గుతుంది, సముద్రానికి అంతకంటె చాలా సమయం పడుతుంది. వందల కిలోమీటర్ల అవతల తుఫాను లేపిన పెద్ద కెరటాలు తీరానికి ప్రయాణం చేసి వస్తాయి కనుక, అవి గాలికంటె ముందూ రావచ్చు, గాలి పోయిన తరవాతా రావచ్చు. అల్పపీడనం వల్ల, ఒడ్డువైపు వీచే గాలి వల్ల ఉబ్బిన నీరు పోటు వేళకు తోడైతే, మామూలుగా ఒడ్డు దగ్గరే విరిగిపోయే కెరటం ఇంటి మెట్టుదాకా వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది ముఖ్యంగా ఈ ఉప్పెన నీరేనన్న సంగతి అక్కడి పెద్దలెవరినడిగినా చెబుతారు.

గాలి ఆగడం ఒక్కోసారి తుఫాను ముగియడం కూడా కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను, అంటే గాలి నెమ్మదించే నడిభాగం, విశాఖపట్నం మీదుగా సాగినప్పుడు హోరు కాసేపు ఆగింది, ఆ తరవాత గాలి దిక్కు మార్చుకొని మళ్లీ విరుచుకుపడింది. ఆ విరామంలో వీధిలోకి వచ్చినవారికి రెండో దెబ్బ నుంచి తలదాచుకునే వ్యవధి ఉండదు.

అందువల్ల నేను పెట్టుకున్న నియమం ఒకటే: గాలి పడిపోయాక రెండు పోట్లు దాటేవరకు ఒడ్డు ఇళ్లకు ఎవరూ తిరిగి వెళ్లకూడదు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు ఉంటుంది కనుక ఇది ఎక్కువలో ఎక్కువ దాదాపు ఒక పగలు, ఒక రాత్రి. తిథిని బట్టి పోటు వేళ లెక్కగట్టడం మత్స్యకార కుటుంబాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ లెక్కను వేటకు వాడినట్టే ప్రాణానికీ వాడాలి.

పంచాయతీ ముందే చేయవలసినవి

2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 41వ సెక్షను స్థానిక సంస్థలకు నేరుగా బాధ్యత అప్పగించింది: సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, సామగ్రిని సిద్ధంగా ఉంచాలి, తమ పరిధిలోని కట్టడాలు నిబంధనల ప్రకారం ఉండేలా చూడాలి. పైనుంచి ఉత్తర్వులు వచ్చాక చూద్దామనుకునే పంచాయతీకి అక్టోబరులో మిగిలే వ్యవధి నలభై ఎనిమిది గంటలే, ఎందుకంటే వాతావరణ శాఖ తుఫాను హెచ్చరిక సాధారణంగా అంత ముందుగానే వస్తుంది.

మొదటి పని కొలత. ఊరికి ఉత్తరాన, మధ్యన, దక్షిణాన కదలని మూడు గుర్తులు, అంటే కరెంటు స్తంభమో, గుడి అరుగో, నీళ్ల ట్యాంకు దిమ్మో ఎంచుకొని, అక్కడి నుంచి పోటు తడి గీతదాకా ఎన్ని అడుగులుందో ప్రతి పౌర్ణమికీ టేపుతో కొలిచి పుస్తకంలో రాయాలి. దీనికి నిధులు అక్కరలేదు, గ్రామ సచివాలయంలోని సర్వేయరు, ఇద్దరు యువకులు చాలు. దేశ ప్రధాన తీరంలో మూడింట ఒక వంతు కోతకు గురవుతున్నదని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది. ఆ లెక్క దేశానికి సంబంధించినది. మీ పేటలో ఈ ఏడాది ఎన్ని అడుగులు పోయిందో మీ పుస్తకమే చెప్పాలి. అధికారుల ముందు రాళ్లగోడ కోసమో, ఇళ్ల స్థలాల కోసమో అడిగేటప్పుడు ఆ పుస్తకానికున్న బలం వంద వినతిపత్రాలకు ఉండదు.

రెండవది ఇళ్ల జాబితా. ఒడ్డుకు మొదటి వరుస, రెండవ వరుస, మూడవ వరుస అని విడదీసి, మంచం పట్టినవారు, నిండు చూలాలు, ఒంటరి వృద్ధులు ఏ ఇంట్లో ఉన్నారో, వారిని ఎవరు మోసుకెళతారో పేరుతో సహా రాసి ఉంచాలి. మొదటి వరుసను మైకు ప్రచారంతో సరిపెట్టకుండా గడపగడపకూ వెళ్లి ఖాళీ చేయించాలి.

మూడవది మురుగు కాలువలు. తీర గ్రామానికి వరద రెండు వైపుల నుంచీ వస్తుంది. పోటు ఎక్కినప్పుడు డ్రెయిన్ నీరు సముద్రంలోకి పోలేక వెనక్కి తన్నుతుంది. అదే సమయంలో మెట్ట నుంచి ఏరు దిగితే ఊరు మధ్యలో మునుగుతుంది. 2024 సెప్టెంబరులో ఏలేరు వరదకు పిఠాపురం, గొల్లప్రోలు ప్రాంతాల పొలాలు నీట మునిగిన తీరు, అదే నెల మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న తీరు మనం మరిచిపోకూడదు. గుర్రపుడెక్క, కిక్కిస తీయించడం, తూము తలుపులు దిగుతున్నాయో లేదో దించి చూడడం సెప్టెంబరు నాటికి పూర్తి కావాలి. తుప్పు పట్టిన తలుపును తుఫాను రాత్రి గునపంతో కదిలించడం అసాధ్యమని నేను కళ్లారా చూశాను.

నాలుగవది అనుమతులు. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జడ్) 2019 ప్రకటన ప్రకారం, చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటె ఎక్కువ జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 50 మీటర్లు, తక్కిన గ్రామీణ తీరంలో 200 మీటర్లు కొత్త కట్టడాలు కూడని ప్రాంతం. పటం మీద గీసిన రేఖ అక్కడే ఉంటుంది గాని నేల మీద సముద్రం ముందుకు వస్తూనే ఉంటుంది. కనుక పంచాయతీ తన కొలత పుస్తకాన్ని చూసుకోకుండా ఒక్క ఇంటికి కూడా ప్లాను ఆమోదించకూడదు.

రాళ్లగోడ గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఈ తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. కాకినాడ దగ్గర హోప్ ద్వీపం, ఓడరేవు కట్టడాలు ఆ ఇసుకను ఆపుతున్నందువల్ల, వాటికి ఉత్తరాన ఉన్న ఉప్పాడ తీరానికి చేరవలసిన ఇసుక చేరడం లేదు. ఆనకట్టల వల్ల గోదావరి తెచ్చే ఒండ్రు కూడా తగ్గింది. 2010 ప్రాంతంలో ఉప్పాడలో ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలతో వేసిన జియోట్యూబ్ గోడ తరవాతి తుఫానులకు దెబ్బతిన్నది. ఒక పేట ముందు రాళ్లు పోస్తే కోత తరచుగా దాని ఉత్తరపు కొసన మొదలవుతుంది. గోడ అవసరమైన చోట్లు ఉన్నాయి, దాన్ని నేను కాదనను. కాని గోడ ఉందన్న ధైర్యంతో దాని వెనుక కొత్త వరుస ఇళ్లు లేవడం, తుఫాను రాత్రి ఆ ఇళ్లవారే కదలకపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

మరికొన్ని

బస్తాలు నింపడానికి ఒడ్డు ఇసుకను తవ్వకండి. ఆ ఇసుక దిబ్బే మీ మొదటి గోడ.

సరుగుడు తోటలు నరకనివ్వకండి.

వాతావరణ శాఖ ప్రకటనతో పాటు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల ఎత్తు సూచనను కూడా పంచాయతీ బోర్డు మీద రాయించండి, ఎందుకంటే తుఫాను మీ తీరానికి దూరంగా దాటినా కెరటాలు మీ దగ్గరికి రావచ్చు. ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచిక నంబరు ఓడల కోసం ఉద్దేశించినది. దాన్ని చూసి ఇంట్లో ఉండవచ్చా లేదా అని తేల్చుకోకండి.

వేటకు వెళ్లిన పడవల జాబితా సచివాలయంలో ఉండాలి. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫానులో ఎందరో మత్స్యకారులు సముద్రం మీదే ఉండిపోయారు.

పడవలను, వలలను ఒడ్డుకు చేర్చే పని పగలే ముగించండి. చీకటి పడ్డాక పడవ కోసం ఒడ్డుకు వెళ్లకండి. ఎంత ఖరీదైన ఇంజనైనా సరే వెళ్లకండి.

పాసుపుస్తకం, ఆధార్ కార్డు, రేషను కార్డు, బంగారం, రెండు రోజుల బియ్యం మొదటి హెచ్చరిక నాడే పునరావాస కేంద్రానికి చేర్చండి. జనం వెనక్కి వెళ్లేది వీటి కోసమే. ఆ తల్లి వెళ్లింది కూడా వీటి కోసమే.

గొడ్లను కట్టి వదిలి వెళ్లకండి, పలుపు విప్పండి.

కోత పడిన రోడ్డు అంచున నిలబడి ఫొటోలు తీయకండి. పైన తారు గట్టిగా కనిపిస్తుంది, కింద మట్టి ఉండదు.

తిరిగి వెళ్లే వేళ మొదట సర్వేయరో, తాపీమేస్త్రీయో సముద్రం వైపు పునాదిని చూడాలి. కర్రతో గచ్చును తట్టితే డొల్ల శబ్దం వచ్చిన ఇంట్లోకి ఎవరినీ పంపకూడదు. అద్దె ఎవరు కడతారు, ఎక్కడ ఉంటారు అన్న ప్రశ్నలకు పంచాయతీ ఆ తరవాత సమాధానం వెతకాలి, ముందు ఆ గడపకు అడ్డంగా తాడు కట్టాలి.

గాలి పడిపోయిందని చెప్పి ఎవరు బతిమాలినా, ఎవరు కోప్పడినా, పైనుంచి ఎవరు ఫోను చేసినా కేంద్రాన్ని మూయకండి. అన్నం వండించడం ఆపకండి. ఖర్చు రాసుకోండి, సర్దుబాటు తరవాత చేసుకోవచ్చు.

గాలి పడిపోయాక రాబోయే రెండు పోట్ల వేళలు కేంద్రం తలుపు మీద సుద్దతో పెద్ద అక్షరాల్లో రాయండి. మొదటి పోటు దాటాక దాన్ని కొట్టివేయండి. రెండవది కూడా దాటి, ఒడ్డుకు పంపిన మనిషి తిరిగి వచ్చి నీరు వెనక్కి తీసిందని చెప్పేవరకు మొదటి వరుస ఇళ్లవారిని ఆ తలుపు దాటనివ్వకండి.