ఎండలు ముదరకముందే: పెద్ద జబ్బు నుంచి లేచి ఫిట్‌నెస్ గేమ్ మొదలుపెట్టేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన ఏడాది జనవరిలో న్యుమోనియాతో 11 రోజులు ఐసీయూలో, ఇంకో వారం వార్డులో ఉండి కర్నూలులో మా ఇంటికి వచ్చాను. వచ్చిన రోజు బాత్రూమ్ గడప దాటడానికి గోడ పట్టుకున్నాను. నాకు 42 ఏళ్లు, అంతకుముందు నీళ్ల బిందె చంకన పెట్టుకుని మిద్దె మెట్లెక్కేదాన్ని, ఇప్పుడు చెంబు ఎత్తితే చేయి వణుకుతోంది. ఐసీయూలో పడుకున్న 10 రోజుల్లోనే తొడ కండరం ఆరో వంతుకు పైగా తరిగిపోగలదని లండన్‌లో రోగులను కొలిచి చూసి 2013లో ప్రచురించారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, తెలిశాక కొంచెం ధైర్యం కూడా వచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా ఇదంతా నా బద్ధకమేమో అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. డిశ్చార్జ్ కాగితంలో మందులు, మళ్లీ రావాల్సిన తేదీ, "విశ్రాంతి" అనే ఒక మాట ఉన్నాయి. పోయిన బలం ఎట్లా తెచ్చుకోవాలో ఒక్క ముక్క లేదు.

ఫిబ్రవరి చివర్లో బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు తన నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ యంత్రం తెచ్చి టీవీకి తగిలించి, రింగ్ ఫిట్ అడ్వెంచర్ పెట్టాడు. 2019లో వచ్చిన గేమ్ ఇది. చేతిలో వంగే రింగు ఒకటి, ఎడమ తొడకు కట్టుకునే పట్టీ ఒకటి ఉంటాయి, మనం ఉన్నచోటే అడుగులు వేస్తే తెరమీద బొమ్మ నడుస్తుంది, గుంజీలాగా వంగి లేస్తేనో రింగు నొక్కితేనో ఎదురొచ్చిన రాక్షసులకు దెబ్బ తగులుతుంది. నాకు ఇది నిజంగా పనిచేసింది. ఒంటరిగా గదిలో కాళ్లు చేతులు ఊపుకోమంటే రెండో రోజే మానేసేదాన్ని, గేమ్ అయితే ఆ కొండ దాటితే ఏముందో చూద్దామని లేచేదాన్ని. కానీ దాన్ని ఎట్లా ఆడాలో తెలియక రెండుసార్లు దెబ్బతిన్నాను, అదీ మార్చి, ఏప్రిల్ ఎండల్లో. మళ్లీ ఎండాకాలం వస్తోంది, డెంగీ నుంచో, టీబీ నుంచో, ఆపరేషన్ నుంచో లేచినవాళ్లు ఇళ్లల్లో ఇట్లాంటివి మొదలుపెడుతున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు డాక్టర్ దగ్గర. "వీడియో గేమ్ ఆడొచ్చా సార్" అని అడిగితే సోఫాలో కూర్చుని ఆడేదనుకుని ఆడుకోమ్మా అంటారు, నాకు జరిగింది అదే. కాబట్టి ఆట ఆడుతున్న వీడియో రెండు నిమిషాలది ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి చూపించండి, ఇదిగో ఇట్లా వంగాలి, ఇట్లా మోకాలు ఎత్తాలి, ఇట్లా నొక్కాలి అని. కర్నూలు, కడప, అనంతపురం మూడు ఊర్లలోనూ ప్రభుత్వ బోధనాసుపత్రులు ఉన్నాయి, వీలైతే ఫిజియోథెరపిస్ట్‌కు కూడా ఒకసారి చూపించుకోండి. అడగాల్సినవి జబ్బును బట్టి మారతాయి. వైరల్ జబ్బు గుండె కండరానికి పాకి ఉంటే 3 నుంచి 6 నెలలు గట్టి వ్యాయామం చేయొద్దంటారు, ఆ మాట తేలకుండా తొడకు పట్టీ కట్టొద్దు. బైపాస్ అయినవాళ్లకు ఛాతీ ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుంది, రింగును రెండు చేతులతో నొక్కడం, లాగడం సరిగ్గా ఆ ఎముక మీదే పడుతుంది. ఇందులో రింగును పొట్టకు అదిమి పట్టే పని కూడా ఉంటుంది, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, సిజేరియన్ అయినవాళ్లు డాక్టర్ సరే అనేదాకా దాని జోలికి పోవద్దు. డెంగీ తర్వాత ప్లేట్‌లెట్లు పూర్తిగా పెరిగేదాకా, రక్తం పలచబడే మందులు వాడుతున్నంతకాలం, పడిపోతే వచ్చే ప్రమాదం మామూలు మనిషికి వచ్చేదానికన్నా చాలా ఎక్కువ. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు సంగతి చెప్పి అడిగాకే ముట్టుకోవాలి.

స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడినవాళ్లకు ఇంకో సంగతి. అవి తొడల్లో, భుజాల్లో బలం లాగేస్తాయి, షుగర్ కూడా పెంచుతాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నారంటే గుంజీల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఆటకు ముందు షుగర్ చూసుకోవాలి, పక్కన గ్లూకోజ్ పొడో చక్కెరో పెట్టుకోవాలి. బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని మాత్రలు నాడిని పెరగనివ్వవు. ఈ గేమ్‌లో చివర కంట్రోలర్ మీద బొటనవేలు పెడితే గుండె వేగం చూపిస్తుంది, ఆ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ అంకె తక్కువగా ఉందని ఇంకా ఆడొచ్చు అనుకుంటే మోసపోతారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, ఎక్కువమంది చేసేది ఇదే. మొదటి వారం రోజుకు 5 నిమిషాలు ఆడాను, బాగానే ఉంది. తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి ఒళ్లు దూదిలాగా తేలిగ్గా ఉంది, జబ్బు పోయింది అనిపించింది. మా వాడు పక్కన నిలబడి "ఇంగొక్కటి చిన్నమ్మా, ఇంగొక్క లెవెల్, బాగా చేస్తున్నావ్" అంటున్నాడు, గేమ్ కూడా అంతే, ప్రతి గుంజీకీ మెచ్చుకుంటుంది, చప్పట్లు, మెరుపులు. మా అమ్మ వంటింట్లోంచి "సాలు, నిలుపుమే" అని రెండుసార్లు అరిచింది. 40 నిమిషాలు ఆడేశాను. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు సాయంత్రం మొదలైంది, కాళ్లు కాదు, మనిషే మొత్తం, తల దువ్వుకోవడానికి చేయి లేవలేదు, మాట్లాడితే అలుపు, మూడు రోజులు మంచం మీదే. కోవిడ్ తర్వాత చాలామందికి ఇట్లా అయిందని, శ్రమ చేసిన 1 నుంచి 3 రోజుల తర్వాత కుప్పకూలడం దీని లక్షణమని ఫిజియోథెరపిస్ట్ చెప్పాకే తెలిసింది. ఇట్లా పడిపోయేవాళ్లు రోజురోజుకూ పెంచుకుంటూ పోకూడదు, డాక్టర్‌తో మాట్లాడి శక్తి ఉన్నంతలోనే ఆగడం నేర్చుకోవాలి.

అందుకే ఒళ్లు బాగుందనిపించిన రోజు మరీ జాగ్రత్తగా ఉండండి. ఆడటానికి ముందే ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, మొదట 5 నిమిషాలు, అది మోగగానే లెవెల్ మధ్యలో ఉన్నా సరే ఆపేయండి, రాక్షసుడు ఎక్కడికీ పోడు. మరుసటి రెండు రోజులూ ఒళ్లు ఎట్లా ఉందో చూసుకున్నాకే తర్వాతి ఆట. వారమంతా ఇబ్బంది లేకపోతే 2 నిమిషాలు కలపండి, టైమ్ పెంచిన వారం కష్టం పెంచొద్దు, కష్టం పెంచిన వారం టైమ్ పెంచొద్దు. ఇందులో కష్టం 1 నుంచి 30 దాకా ఉంటుంది. మొదట్లో వయసు, బరువు అడిగి అదే ఒక అంకె చూపిస్తుంది, ఆ లెక్కలో మన ఐసీయూ లేదు, దాన్ని పక్కనపెట్టి 1 దగ్గర మొదలుపెట్టండి. కొన్ని రోజులకు పెంచమంటావా అని అడుగుతుంది, వద్దనండి. భుజం, నడుము, మోకాలు ఇట్లా నొప్పి ఉన్న భాగానికి పని తేలిక చేసే అసిస్ట్ మోడ్ ఉంది, అది పెట్టుకోండి. పరుగెత్తే బదులు మోకాళ్లు కొంచెం వంచి లేస్తే చాలనే సైలెంట్ మోడ్ కూడా ఉంది, కింద వాటాలో ఇల్లుగలవాళ్లు ఉన్నవాళ్లకు అదే మేలు, కానీ దానికి తొడల బలం కావాలి, నాకు మొదటి నెల అదే కష్టమైంది, ఉన్నచోట మెల్లగా నడవడమే నయమనిపించింది. ఆడుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా చూసుకోండి, మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అప్పటికే ఎక్కువైందన్నమాట.

రెండో దెబ్బ నేల వల్ల తగిలింది. మా ఇంట్లో బేతంచెర్ల బండలు, మీ ఇంట్లో కడప బండలు ఉండొచ్చు, ఏవైనా ఏళ్ల తరబడి తుడిచి తుడిచి నున్నగా అద్దంలాగా అయి ఉంటాయి. చెమట నాలుగు చుక్కలు రాలాయంటే కాలు జర్రున జారుతుంది. నేను దాని మీద పాత జంపఖానా పరిచి ఆడాను, అది ఇంకా పెద్ద తప్పు, మోకాలు ఎత్తగానే జంపఖానా కాలితోపాటు వెనక్కి జారి మంచం కోడుకు మోచేయి కొట్టుకుంది. ఎముక విరగలేదు కానీ ఆ వాపు తగ్గడానికి రెండు వారాలు పట్టింది. వెనక రబ్బరు పట్టు ఉన్న చాప కొనుక్కోండి, సాక్సులు వద్దు, ఉత్త కాళ్లతో ఆడితే పట్టు ఉంటుంది. వెనక చేతికందేంత దూరంలో చేతులున్న గట్టి కుర్చీ గోడకు ఆనించి పెట్టండి, ప్లాస్టిక్ కుర్చీ అయితే జరుగుతుంది. ఆడవాళ్లకు ఒక మాట, నైటీతో ఆడొద్దు, వంగినప్పుడు అంచు కాలికింద పడుతుంది, తొడ పట్టీ కూడా సరిగా నిలవదు. చుడీదార్ ప్యాంటు వేసుకోండి, చున్నీ తీసి పక్కన పెట్టండి.

ఎండ సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ జబ్బు పడి లేచిన ఒంటికి అది కొత్తే. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు 42, 43 డిగ్రీలు మామూలే, పగలంతా కాగిన మిద్దె రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది, కాబట్టి సాయంత్రం ఎండ తగ్గాక ఆడుకుందాం అనుకోవడం పొరపాటు, ఇంట్లో అప్పుడే ఎక్కువ ఉక్క. పొద్దున 5:30 నుంచి 6:30 లోపల ముగించండి, మిద్దె కింద గది కాకుండా ఇంట్లో చల్లగా ఉండే గది చూసుకుని టీవీని అక్కడికి మార్చండి. కూలర్ పెట్టి తలుపులన్నీ మూస్తే గదిలో తేమ పెరిగి చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు, ఒక కిటికీ తెరిచి ఉంచాలి. ఆటకు ముందు ఒక గ్లాసు, తర్వాత ఒక గ్లాసు నీళ్లో ఉప్పేసిన పలచటి మజ్జిగో తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లకు 6 సమంగా గీసిన టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. గుండె, కిడ్నీ జబ్బుకు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లకు మాత్రం ఇవేవీ వర్తించవు, వాళ్ల లెక్క డాక్టర్ చెప్పిందే. ఖాళీ కడుపుతో వద్దు, ఉగ్గాని బజ్జీ తిని వెంటనే కూడా వద్దు. లేవగానే చిన్న గిన్నెడు రాగి అంబలి తాగి, అరగంట ఆగి ఆడేదాన్ని. కండ పెరగాలంటే మాంసకృత్తులు పడాలి కదా, రోజూ రెండు గుడ్లు, పప్పు, ఉడకబెట్టిన చెనక్కాయలు గుప్పెడు తినేదాన్ని. కిడ్నీ బాగాలేనివాళ్లు ఇది కూడా అడిగాకే.

ఇవి కనబడితే ఆటే కాదు, ఆ రోజు ఇంకే పనీ చేయొద్దు: ఛాతీలో నొప్పి గానీ పట్టేసినట్టు గానీ, కళ్లు బైర్లు కమ్మడం, గుండె తప్పి కొట్టుకున్నట్టు అనిపించడం, కూర్చున్నా తగ్గని ఆయాసం. ఛాతీ నొప్పి, తగ్గని ఆయాసం అయితే 108కి ఫోన్ చేయడమే, గ్యాస్ అయ్యుంటుందిలే అని సోడా తాగుతూ కూర్చోవద్దు. చాలా రోజులు మంచాన ఉన్నవాళ్లకు ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, దాన్ని తైలం పెట్టి మర్దన చేయించకండి, నడిపించకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరితిత్తుల జబ్బు నుంచి లేచినవాళ్లు ఆటకు ముందూ తర్వాతా పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకోండి, వేలికి నెయిల్ పాలిష్ లేకుండా, చేయి కదపకుండా. ముందుకన్నా 3 అంకెలు పడితే ఆపి డాక్టర్‌కు చెప్పండి. జ్వరం, జలుబు ఉన్న రోజు రింగు ముట్టుకోవద్దు.

డబ్బు గురించి కూడా. ఇవి మన ఊర్లలో అంత తేలిగ్గా దొరికేవి కావు, చాలావరకు బయటి దేశం నుంచి వచ్చినవే, నింటెండో వాళ్ల పాత గేమ్ యంత్రం వీ (Wii) లాంటివి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అడాప్టర్ మీద ఏ వోల్టేజ్ రాసి ఉందో చూడండి, 120 వోల్టులదైతే మన 230కి పెట్టగానే కాలిపోతుంది. అప్పు చేసి మాత్రం కొనకండి. స్ట్రోక్ వచ్చి చేయి బలహీనపడినవాళ్లలో కొందరితో మామూలు చికిత్సకు తోడుగా వీ ఆడించారు, కొందరితో పేకాట, బింగో లాంటివి ఆడించారు, కెనడా పరిశోధకుల ఆధ్వర్యంలో జరిగిన ఈ పోలిక 2016లో బయటికి వచ్చింది, రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా బాగుపడ్డాయి. అంటే మనిషి రోజూ కదలడం ముఖ్యం, కదిలించేది ఏదైనా ఫరవాలేదు. స్విచ్ లేనివాళ్లు పాట పెట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోండి, నిమిషానికి ఎన్నిసార్లో రాసుకోండి. నేను ఫిబ్రవరిలో 6 సార్లు లేవగలిగాను, జూన్‌కు 19.

ఆడేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి, ఉత్సాహపరిచే పిల్లలకన్నా ఆపమని చెప్పేవాళ్లు ఉంటే మేలు, నాకు మా అమ్మే. మధ్యలో కరెంటు పోతే నిలబడి దాని కోసం ఎదురుచూడకండి, చీకట్లో కుర్చీ తడుముకుని కూర్చోండి, వచ్చాక మళ్లీ మొదలుపెట్టకండి, ఆ రోజుకు అంతే. ఊరికి పోయో, జ్వరమొచ్చో వారం పది రోజులు మానేస్తే ఆపినచోటి నుంచి ఎత్తుకోవద్దు, అంతకుముందు 20 నిమిషాలు ఆడుతున్నారంటే 10తో మొదలుపెట్టి, రెండు రోజులు ఒళ్లు చూసుకుని అప్పుడు కలుపుకుంటూ రండి.