ట్యాబ్లెట్‌కు బ్లూటూత్ గేమ్ కంట్రోలర్ కలిపి ఆడుకోవడం ఎలా?

ట్యాబ్లెట్ కొనేదే పెద్ద తెర కోసం. తీరా గేమ్ మొదలుపెట్టాక ఎడమ మూల ఒక బొటనవేలు, కుడి మూల మరొకటి అడ్డంగా తిష్ఠ వేస్తాయి. శత్రువు సరిగ్గా ఆ వేలి కిందనుంచే వస్తాడు. అద్దం మీద గీసిన బటన్‌కు అంచు ఉండదు కాబట్టి, వేలు ఎప్పుడు పక్కకు జారిందో చేతికి తెలియదు. ఇదంతా అర కిలో బరువున్న పలకను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చేయాలి. బ్లూటూత్ కంట్రోలర్, అంటే రెండు చేతుల్లో పట్టుకుని నిజమైన బటన్లతో ఆడే వైర్ లేని పరికరం ఉంటే, ఈ మూడు ఇబ్బందులూ ఒక్కసారే తీరతాయి.

రెండింటినీ కలపడం నిమిషం పని. చాలామంది చిక్కుకునేది అక్కడ కాదు, అంతకుముందో ఆ తర్వాతో. అందుకే కింది క్రమంలో వెళ్లండి, ముఖ్యంగా మొదటి అడుగు దాటవేయకండి.

1. ముందు గేమ్ సంగతి తేల్చుకోండి

ట్యాబ్లెట్ కంట్రోలర్‌ను గుర్తించినంత మాత్రాన గేమ్ కూడా గుర్తిస్తుందని అనుకోవద్దు. గేమ్ తయారుచేసినవారు ఆ ఏర్పాటు విడిగా చేసి ఉండాలి. మైన్‌క్రాఫ్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ, డెడ్ సెల్స్, ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ వంటివాటిలో ఆ ఏర్పాటు ఉంది. పబ్‌జీ మొబైల్‌లో లేదు. కంట్రోలర్ కొన్నది ఆ ఒక్క గేమ్ కోసమే అయితే డబ్బు వృథా అయినట్టే.

తెలుసుకోవడం తేలిక. యాప్ స్టోర్‌లో గేమ్ పేజీ తెరిస్తే, కంట్రోలర్‌తో ఆడగలిగే గేములకు ఆ మాట అక్కడే రాసి ఉంటుంది. ఇప్పటికే మీ దగ్గరున్న గేమ్ అయితే దాని సెట్టింగ్స్‌లో ‘కంట్రోలర్’ అనే విభాగం ఉందేమో చూడండి. కొన్ని గేముల్లో ఆట వరకే కంట్రోలర్ పనిచేస్తుంది, మెనూలో తిరగాలంటే మళ్లీ తెరను తాకాల్సిందే. అందుకని ట్యాబ్లెట్‌ను చేతికి అందే దూరంలోనే పెట్టుకోవాలి.

ఏర్పాటు లేని గేముల కోసం ఆండ్రాయిడ్‌లో కొన్ని యాప్‌లు దొరుకుతాయి. మీరు నొక్కిన బటన్‌ను అవి తెర మీది తాకిడిగా మార్చి గేమ్‌కు అందిస్తాయి. ఒంటరిగా ఆడే గేముల్లో ప్రయత్నించి చూడవచ్చు. ఆన్‌లైన్‌లో ఇతరులతో పోటీపడే గేముల్లో మాత్రం వాటి జోలికి పోకపోవడమే మంచిది. చాలా గేములు దీన్ని మోసంగా లెక్కగట్టి ఖాతాను మూసేస్తాయి. అన్నాళ్లు ఆడి సంపాదించుకున్నదంతా ఒక్క పూటలో పోతుంది.

కంట్రోలర్ విలువ నిజంగా తెలిసేది మరోచోట. కంప్యూటర్‌లోనో, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి కన్సోల్‌లోనో (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం) నడిచే గేమ్ దృశ్యాన్ని ట్యాబ్లెట్‌కు పంపే యాప్‌లు ఉన్నాయి. కంప్యూటర్‌కు స్టీమ్ లింక్, ప్లేస్టేషన్‌కు పీఎస్ రిమోట్ ప్లే అలాంటివే. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్, జీఫోర్స్ నౌ వంటి సేవల్లోనైతే గేమ్ ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో నడుస్తుంది. ఈ గేములు పుట్టిందే కంట్రోలర్ కోసం. వాటిని తాకే తెర మీద ఆడటం శిక్షే.

2. మీ కంట్రోలర్‌లో ఉన్నది బ్లూటూతేనా?

వైర్ లేని ప్రతి కంట్రోలర్‌లోనూ బ్లూటూత్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. వేలెడంత యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చేవి కొన్ని ఆ రిసీవర్‌తో తప్ప మరిదేనితోనూ కలవవు. పెట్టె మీద బ్లూటూత్ అని స్పష్టంగా ఉంటేనే నమ్మండి.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లలో ఇదే మెలిక ఉంది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో వచ్చిన వాటిలో బ్లూటూత్ లేదు. 2016లో వన్ ఎస్‌తో వచ్చిన మోడల్ నుంచే అది మొదలైంది. పాతది కొనేటప్పుడు మధ్యలో మెరిసే ఎక్స్‌బాక్స్ గుర్తు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను చూడండి. అది పై అంచున చూపుడు వేళ్లతో నొక్కే బటన్లతో కలిసిపోయిన నున్నని, నిగనిగలాడే ముక్క అయితే బ్లూటూత్ లేనట్టు. కంట్రోలర్ ముఖం ఏ గరుకు ప్లాస్టిక్‌తో ఉందో గుర్తు చుట్టూ కూడా అదే ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు. అమ్మేవారిని అడగక్కర్లేదు, ఫొటోలోనే తేలిపోతుంది.

ట్యాబ్లెట్ వైపు చూసుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ వెర్షన్. ఐప్యాడ్‌లో ప్లేస్టేషన్ 4 వారి డ్యూయల్‌షాక్ 4, బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లు 2019 నాటి ఐప్యాడ్‌ఓఎస్ 13తో పనిచేయడం మొదలైంది. ప్లేస్టేషన్ 5 వారి డ్యూయల్‌సెన్స్, ఎక్స్‌బాక్స్ సిరీస్ కంట్రోలర్లకు 14.5 కావాలి. నింటెండో స్విచ్ ప్రో, జాయ్-కాన్‌లకు 16 ఉండాలి. ఆండ్రాయిడ్‌లో డ్యూయల్‌సెన్స్ సాఫీగా నడవాలంటే 12 గానీ ఆపై వెర్షన్ గానీ ఉండటం మేలు. ట్యాబ్లెట్‌కు అప్‌డేట్ ఏదైనా మిగిలి ఉంటే ఈ పనికి ముందే పూర్తి చేసుకోండి.

3. జత చేయడం

కంట్రోలర్‌ను ఛార్జ్ చేయండి. దానికి అలవాటైన కన్సోల్ పక్కనే ఉంటే దాని ప్లగ్ తీసేయండి. లేకపోతే మీరు బటన్ నొక్కగానే కంట్రోలర్ పాత స్నేహం కొద్దీ కన్సోల్‌నే లేపుతుంది, ట్యాబ్లెట్ మాత్రం వెతుకుతూనే ఉంటుంది.

ఇక ట్యాబ్లెట్‌లో బ్లూటూత్ ఆన్ చేసి, ఆ పేజీని తెరిచే ఉంచండి. ఐప్యాడ్‌లో సెట్టింగ్స్ కింద నేరుగా బ్లూటూత్ కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో అది కనెక్ట్ చేసిన పరికరాల విభాగంలో ఉంటుంది, అక్కడ కొత్త పరికరాన్ని జత చేయడం అనేదాన్ని నొక్కాలి. ఇప్పుడు కంట్రోలర్‌ను జత కలిసే స్థితిలోకి తేవాలి. దేని పద్ధతి దానిది:

- ఎక్స్‌బాక్స్: మధ్య బటన్‌తో ఆన్ చేసి, పై అంచున ఉన్న చిన్న జత బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎక్స్‌బాక్స్ గుర్తు వేగంగా మిణుకుమంటుంది.
- డ్యూయల్‌షాక్ 4: ఆఫ్‌లో ఉండగా షేర్, పీఎస్ బటన్లు రెండూ కలిపి, దీపం మిణుకుమనే దాకా పట్టుకోండి.
- డ్యూయల్‌సెన్స్: ఇదే పద్ధతి, షేర్ బదులు క్రియేట్ బటన్.
- స్విచ్ ప్రో: పై అంచున యూఎస్‌బీ-సి రంధ్రం పక్కనున్న బుల్లి బటన్‌ను పట్టుకోండి.
- జాయ్-కాన్: స్విచ్‌కు తగిలించే అంచులో, ఎస్ఎల్, ఎస్ఆర్ బటన్ల మధ్య ఉన్నదాన్ని పట్టుకోండి.

ఎయిట్‌బిట్‌డో వంటి కంపెనీల కంట్రోలర్లు ఒక్కో పరికరం ముందు ఒక్కో వేషం వేస్తాయి. ఒక మోడ్‌లో ఆండ్రాయిడ్‌కు, మరో మోడ్‌లో స్విచ్‌కు, ఇంకో మోడ్‌లో విండోస్‌కు తగినట్టు నడుస్తాయి. ఆన్ చేసేటప్పుడు నొక్కే బటన్లను బట్టి మోడ్ మారుతుంది. ఈ కంపెనీ మోడళ్లు చాలావాటిలో స్టార్ట్‌తోపాటు బి నొక్కితే ఆండ్రాయిడ్ మోడ్ వస్తుంది. కొన్నింటికి వెనక చిన్న మీట ఉంటుంది. జత కలిసి కూడా బటన్లు తికమకగా పనిచేస్తున్నాయంటే తొంభై శాతం మోడ్ తప్పు. వెంట వచ్చిన కాగితం పారేయకుండా దాచుకోండి.

దీపం మిణుకుమంటుండగా ట్యాబ్లెట్‌లో కంట్రోలర్ పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే దీపం నిలకడగా వెలుగుతుంది, పని అయిపోయినట్టే. మరుసటిసారి మధ్య బటన్ నొక్కితే చాలు, దానంతట అదే కలుస్తుంది.

4. గేమ్ తెరవకముందే ఒకసారి పరీక్షించండి

ఆండ్రాయిడ్‌లో హోమ్ తెర మీదే నాలుగు దిక్కుల బటన్ నొక్కండి. ఒక యాప్ నుంచి మరోదానికి గుర్తింపు కదులుతుంటే కంట్రోలర్ బాగా అందుతున్నట్టు. ఐప్యాడ్‌లో ఇలా తిరగడం కుదరదు. అక్కడ సెట్టింగ్స్‌లో జనరల్‌కు వెళ్తే గేమ్ కంట్రోలర్ అనే కొత్త విభాగం వచ్చి ఉంటుంది. ఇక్కడి దాకా అంతా బాగుండి గేమ్‌లో కదలిక లేకపోతే, లోపం గేమ్‌దే. గేమ్‌ను పూర్తిగా మూసి, కంట్రోలర్ ఆన్‌లో ఉండగా మళ్లీ తెరవండి. కొన్ని గేములు మొదలయ్యే క్షణంలోనే కంట్రోలర్ కోసం చూస్తాయి, ఆ తర్వాత పట్టించుకోవు.

5. బటన్లను మీ చేతికి తగ్గట్టు మార్చుకోండి

నింటెండో కంట్రోలర్లలో ఎ, బి బటన్లు ఎక్స్‌బాక్స్ వాటికి తారుమారుగా ఉంటాయి. తెర మీద ‘ఎ నొక్కండి’ అని చూసి నొక్కితే వెనక్కి పోతుంది. ఐప్యాడ్‌లో ఇందాకటి గేమ్ కంట్రోలర్ విభాగంలోనే ఏ బటన్ ఏ పని చేయాలో మార్చవచ్చు. గేమ్‌కొక అమరిక కూడా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఎక్కువ ట్యాబ్లెట్లలో ఈ సౌకర్యం ఉండదు, గేమ్ లోపలే మార్చుకోవాలి.

గేమ్ సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ అని ఒకటి ఉంటుంది. స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న మీట) ఎంత కదిలిన తర్వాత కదలికగా లెక్కించాలో అది చెబుతుంది. చేయి తీసేసినా పాత్ర మెల్లగా ఒకవైపు నడుస్తోందంటే స్టిక్ అరిగింది. డెడ్ జోన్ కొద్దిగా పెంచితే నడక ఆగుతుంది. మరీ పెంచితే గురి పెట్టేటప్పుడు స్టిక్ మొద్దుబారినట్టు అనిపిస్తుంది. కాబట్టి నడక ఆగే చోటికి వచ్చి ఆపండి.

6. ట్యాబ్లెట్‌ను నిలబెట్టండి

అందరూ తేలిగ్గా తీసుకునేది, ఆడేటప్పుడు అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. రెండు చేతులూ కంట్రోలర్‌కే పోతాయి, ట్యాబ్లెట్ ఎవరు పట్టుకోవాలి? మడిచే కవర్ ఉంటే బల్ల మీద నిలుస్తుంది, కానీ తెర మరీ కిందికి ఉంటుంది. అరగంటలో మెడ పట్టేస్తుంది. ఎత్తు పెంచగలిగే మడత స్టాండ్ కొనండి, అడుగు బరువుగా ఉన్నది చూసి. తేలికపాటి స్టాండ్లు ఫోన్‌కు సరిపోతాయి, ట్యాబ్లెట్ బరువుకు వెనక్కి పడిపోతాయి. ఎంచుకునేటప్పుడు ఛార్జింగ్ వైర్ గుచ్చే చోటు మూసుకుపోకుండా ఉందా అనేది కూడా చూడండి.

తెర కంటికి చేయి చాపినంత దూరంలో ఉంటే బాగుంటుంది. టీవీ కోసం చేసిన గేములను స్ట్రీమ్ చేసి, అంటే ముందు చెప్పిన యాప్‌లతో ట్యాబ్లెట్‌కు తెప్పించుకుని ఆడితే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. గేమ్‌లో అక్షరాల పరిమాణం పెంచే వీలుంటే మొదటి రోజే పెంచేయండి.

మధ్యలోకి సాగి, ట్యాబ్లెట్‌ను రెండు వైపులా బిగించి పట్టుకునే కంట్రోలర్లు కూడా ఉన్నాయి. ఎనిమిది అంగుళాల ట్యాబ్లెట్‌కు అవి ముచ్చటగా ఉంటాయి. పదకొండు అంగుళాల దానికి బిగిస్తే బరువంతా మణికట్ల మీద పడుతుంది, ప్రయాణంలో ఎక్కువసేపు ఆడలేరు. పెద్ద ట్యాబ్లెట్ అయితే విడి కంట్రోలర్, స్టాండ్ కలయికే నా ఓటు.

7. శబ్దం, ఆలస్యం

కంట్రోలర్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కదా అని వైర్ గుచ్చుతారు, శబ్దం రాదు. పాడైపోలేదు. ఎక్స్‌బాక్స్, డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్లు బ్లూటూత్‌తో ట్యాబ్లెట్‌కు కలిసినప్పుడు ఆ రంధ్రం పనిచేయదు. హెడ్‌ఫోన్‌ను ట్యాబ్లెట్‌కే పెట్టుకోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో శబ్దం కాస్త వెనకబడి వస్తుంది. కథలు నడిచే గేముల్లో ఫర్వాలేదు గానీ, తుపాకీ మోతను బట్టి దిక్కు తెలుసుకోవాల్సిన చోట వైర్ హెడ్‌ఫోనే మేలు.

బటన్ నొక్కాక పాత్ర ఆలస్యంగా కదులుతుంటే వైఫైని కూడా అనుమానించండి. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది, చాలా రౌటర్ల వైఫై కూడా అక్కడే ఉంటుంది. ట్యాబ్లెట్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారిస్తే ఈ తోపులాట తగ్గుతుంది. స్ట్రీమింగ్‌లో ఈ ఒక్క మార్పుతోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

8. బ్యాటరీ

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో రెండు డబుల్ ఎ సెల్స్ పడతాయి, 40 గంటల దాకా వస్తాయని కంపెనీ చెబుతుంది. స్విచ్ ప్రో కూడా దాదాపు అంతే. డ్యూయల్‌షాక్ 4లో 1000, డ్యూయల్‌సెన్స్‌లో 1560 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలు ఉన్నా, వాటి దీపాలు, కంపనాలు త్వరగా ఖర్చు చేసేస్తాయి. ప్రయాణాల్లో కంపనం ఆపేయండి. ఆట ముగిశాక మధ్య బటన్‌ను ఐదు నుంచి పది సెకన్లు పట్టుకుంటే కంట్రోలర్ ఆగిపోతుంది. సంచిలో వేసేటప్పుడు స్టిక్‌ల మీద బరువు పడకుండా చూడండి. మధ్య బటన్ నొక్కుకుంటే సంచిలోనే ట్యాబ్లెట్‌తో కలిసి రెండింటి ఛార్జింగూ తినేస్తుంది.

9. మొండికేస్తే

ముందు ట్యాబ్లెట్ బ్లూటూత్ జాబితాలో కంట్రోలర్ పేరును తొలగించి, మళ్లీ మొదటినుంచి జత చేయండి. ఎక్కువ సమస్యలు ఇక్కడే తీరతాయి. ప్లేస్టేషన్ కంట్రోలర్ వెనకవైపు గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది. కంట్రోలర్‌ను ఆపి, దాని లోపలి బటన్‌ను సూదితో ఐదు సెకన్లు నొక్కితే పాత జతలన్నీ మరిచిపోతుంది. అప్పటికీ మధ్యమధ్య తెగిపోతుంటే కంట్రోలర్ సొంత సాఫ్ట్‌వేర్ పాతబడి ఉండవచ్చు. ఎక్స్‌బాక్స్ వాటికి విండోస్ కంప్యూటర్‌లో ఎక్స్‌బాక్స్ యాక్సెసరీస్ యాప్ ద్వారా, డ్యూయల్‌సెన్స్‌కు సోనీ ఇచ్చే విండోస్ యాప్ ద్వారా అప్‌డేట్ చేయవచ్చు.

తిరిగి కన్సోల్‌కు మారాలంటే ప్లేస్టేషన్ కంట్రోలర్‌ను వైర్‌తో కన్సోల్‌కు తగిలించి పీఎస్ బటన్ నొక్కండి. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కు వైరూ అక్కర్లేదు. పై అంచు జత బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే కన్సోల్‌కు, మళ్లీ రెండుసార్లు నొక్కితే ట్యాబ్లెట్‌కు మారుతుంది.