ఎలిక్సిర్‌లో రెండు ఈక్వల్సా, మూడా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండే మేం నలుగురం ఆంధ్రా మెస్ ఖర్చులు పంచుకోడానికి ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బుల్లి ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నాం. రేటు ఇస్తే ఏం తిన్నామో చెప్పే మ్యాప్: 40 అయితే టిఫిన్, 90 అయితే భోజనం. మావాడొకడు ఫైల్లో 90.0 అని ఎక్కించాడు, మ్యాప్‌లో వెతికితే నిల్ (ఏమీ లేదని) వచ్చింది. ఎలిక్సిర్ కోడ్ అక్కడికక్కడే నడిపి చూసే ఐఈఎక్స్ తెరిచి 90 == 90.0 కొడితే ట్రూ అంటుంది, మ్యాపేమో ఆ 90.0 ఎవరో నాకు తెలీదంటుంది, అర్ధరాత్రి దాకా తల పట్టుక్కూర్చున్నాం.

సంగతేంటంటే, == ఇంటీజర్‌నీ (90 లాంటి పూర్ణాంకం) ఫ్లోట్‌నీ (90.0 లాంటి దశాంశ సంఖ్య) విలువ చూసి పోలుస్తుంది. === కి టైపు కూడా కలవాలి, కాబట్టి 90 === 90.0 ఫాల్స్. మ్యాప్ కీలు (వెతకడానికి ఇచ్చే విలువలు), ప్యాటర్న్ మ్యాచింగ్ (విలువ మనం రాసిన నమూనాకు సరిపోతుందా అని చూడటం) రెండూ === దారిలోనే నడుస్తాయి, అందుకే == దగ్గర పాసైన 90.0 కాస్తా కేస్‌లో 90 అని రాసిన లైనుకు తగలదు. లిస్టు లోపల ఉన్నా == తీరు మారదు: [1, 2] == [1.0, 2.0] ట్రూనే. డేటా లోపలికి వచ్చే చోటే రౌండ్ కొట్టి ఇంటీజర్ చేసెయ్యండి. పైసలు కూడా ఉంటే మొత్తం పైసల్లోకి మార్చి దాచుకోండి.

జావాస్క్రిప్ట్ నుంచి వచ్చినవాళ్లకు ఊరట ఏంటంటే "90" == 90 ఇక్కడ ఫాల్స్. స్ట్రింగ్‌ని నంబర్‌గా మార్చి చూసే మొహమాటం దీనికి లేదు.

అసలు టెన్షన్ < > దగ్గర. వేర్వేరు టైపులు పోల్చినా ప్రోగ్రామ్ ఆగదు, ఎందుకంటే టైపులన్నిటికీ ఓ వరస ఉంది: నంబర్లు అందరికన్నా చిన్న, వాటి మీద ఆటమ్‌లు (తమ పేరే తమ విలువైనవి), ఇంకా పైకి పోతే టపుల్ (కొన్ని విలువల కట్ట), మ్యాప్, లిస్ట్, అందరికన్నా పైన స్ట్రింగ్. అంటే ఫారమ్‌లోంచి వచ్చిన "10" ని అలాగే వదిలేస్తే "10" > 500 ట్రూ!

తేదీలు ఇంకా ఘోరం. జనవరి 31 > ఫిబ్రవరి 1 అంటే ట్రూ అంటుంది. తేదీ లోపల ఉన్నది మ్యాపే కదా, ఫీల్డులను పేర్ల అక్షర క్రమంలో పోలుస్తుంది, డే అన్నది మంత్ కన్నా, ఇయర్ కన్నా ముందు తగులుతుంది, 31 గెలుస్తుంది. డేట్.కంపేర్ వాడండి. ఎనమ్.సార్ట్‌కైతే రెండో ఆర్గ్యుమెంట్‌గా డేట్ అని ఇవ్వండి. మేం అది ఇవ్వలేదు, మా మెస్ లెక్కలో ఒకటో తారీఖులన్నీ ఒకచోట, ముప్ఫై ఒకటిలన్నీ ఒకచోట గుంపులు కట్టి కూర్చున్నాయి.